మెట్ల సినిమా

కళ్ళు మూసుకుపోయాయి, చెవులు మూసుకుపోయాయి, నోరైతే అన్నిటికంటే ముందే మూసుకుపోయింది, ఇక ఈ లోకంతో మేకప్ మాస్టారికి మిగిలిన సంబంధమల్లా రెండు ముక్కు రంధ్రాలు, వాటి అంచుల వెంట కూతురి వేలు మెల్లగా తిరుగుతూ చల్లటి ముద్దను సర్దుతోంది. పద్ధతిగానే సర్దుతోంది, వంక పెట్టడానికి లేదు, తను నేర్పిందే. నలభై ఏళ్ళు ఎందరో నటుల మొహాల అచ్చులు తీయడానికి ఈ ముద్ద పూసి, పైన ప్లాస్టర్ పట్టీలు చుట్టి, ఏం కాదు, నలభై నిమిషాలే, ఏదైనా మంచి విషయం ఆలోచించుకోండి అని చెప్పినవాడు, అరవై ఎనిమిదో ఏట తనే ఆ ముద్ద కింద కుక్కిన పేనులా కూర్చున్నాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడటమంటే ఇదే. కూతురు మొదటిసారి పూర్తి బాధ్యత తీసుకుని చేస్తున్న జాంబీ సినిమా, అందులో ముసలి శవం వేషం వేసే నటుడికి మూసిన చోట్లంటే భయమట, ప్లాస్టర్ బకెట్ చూడగానే చెమటలు పట్టి బాత్‌రూంలో దూరి గడియ పెట్టుకున్నాడట. మూసిన చోట్లంటే భయపడేవాడికి దాక్కోవడానికి బాత్‌రూమే దొరికిందా అని మాస్టారు నవ్వాడు. కూతురు నవ్వలేదు, ఆయన గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, నాన్నా, నీ మొహం కొలతలు సరిగ్గా ఆయనవే అంది. అలా ఇరుక్కున్నాడు. ముద్ద కిందికి వెళ్ళేవాళ్ళకి చెప్పే నియమాలు కూడా పొల్లుపోకుండా ఒప్పజెప్పింది: బొటనవేలు ఎత్తితే బాగానే ఉన్నానని, రెండు చేతులూ ఎత్తితే తీసెయ్యమని. రెండు చేతులూ లేచాక ఎందుకని అడగకూడదు, అచ్చు పాడవుతుందని చూడకూడదు, ముందు తియ్యాలి, తర్వాతే మాట. ఆ నియమం పెట్టింది మాస్టారే. ఇన్నేళ్ళలో ఆయన కుర్చీలో కూర్చుని రెండు చేతులూ ఎత్తినవాళ్ళు ముగ్గురే ముగ్గురు.

తడి పట్టీలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, నుదుటి మీద, చెంపల మీద, గడ్డం కింద, బరువు తెలుస్తోంది. కప్పేసే ముందు కూతురు అడిగిన ప్రశ్న కూడా తనతోపాటే లోపల ఉండిపోయింది. శనివారం పగటి ఆటకి పాత సినిమాల సంఘంవాళ్ళు మాస్టారు పనిచేసిన నాలుగు జాంబీ సినిమాల్లో ఒకటి వేస్తారట, ఆయనకి అన్నిటికంటే ఏది ఇష్టమైతే అది, ఆట అయ్యాక ఆయన లేచి పది నిమిషాలు మాట్లాడాలట, సాయంత్రంలోగా పేరు కావాలట. ముద్ద తీశాక చెప్తాలే అన్నాడు, నలభై నిమిషాలు గడువు దొరికింది కదా అనుకున్నాడు. ఇష్టమైనది ఎంచుకోవడం ఏమంత బ్రహ్మవిద్య, ఉన్నవే నాలుగు. పోస్టర్ల మీద రక్తం కారే అక్షరాలతో వాటికి పెద్ద పెద్ద పేర్లు ఉన్నాయి, పనిచేసినవాళ్ళు మాత్రం ఏనాడూ ఆ పేర్లతో పిలవలేదు, గోదాము సినిమా, బావి సినిమా, మెట్ల సినిమా, లిఫ్టు సినిమా, అంతే. ఎవర్ని అడిగినా మెట్ల సినిమాయే అంటారు. అందులో చచ్చిన ఆడమనిషి ఒకత్తి మెట్లెక్కుతుంది, నలభై సెకండ్లు, అంతే, మాట లేదు, అరుపు లేదు, ఆ నలభై సెకండ్లు చూసి కుర్చీల్లోంచి లేచి బయటికి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. ముప్ఫై ఏళ్ళుగా మాస్టారు ఒక్కడే, అబ్బే, నాకు బావి సినిమాయే అంటాడు. పెద్దాయన వినయం అనుకుంటారు జనం. వినయమూ కాదు, గాడిదగుడ్డూ కాదు.

సినిమాల గురించే ఆలోచించాలి, ఇంకో దాని గురించి ఆలోచించకూడదు. కళ్ళ మీదికి ముద్ద వచ్చే ముందు ఆయన చివరగా చూసింది కూతురి గోళ్ళు, కనుబొమలకి వాజలీన్ రాస్తూ ఆమె చేతులు మొహానికి జానెడు దూరంలో ఉన్నాయి, వేళ్ళ కొసలు కాస్త ఉబ్బి, గోళ్ళు గుండ్రంగా కిందికి వంగి, నీలంగా ఉన్నాయి. రంగై ఉంటుంది. పొద్దున శవాల పెదవులకి నీలం కలిపింది కదా, తనే చూశాడు, కాస్త బూడిదరంగు ఎక్కువైందని సలహా కూడా ఇచ్చాడు. రంగే. కానీ రంగయితే గోరు పక్క మడతల్లో ఇరుక్కుంటుంది, ఒక వేలికి ఎక్కువ, ఒక వేలికి తక్కువ ఉంటుంది, కుడిచేతికి ఉన్నంత ఎడమచేతికి ఉండదు. ఇది గోరు పైన లేదు, కింద ఉంది, పది వేళ్ళకీ సమానంగా ఉంది. జీవితమంతా బతికున్న చర్మాన్ని చచ్చిన చర్మంగా మార్చినవాడికి ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు, కళ్ళు తెరిస్తే మళ్ళీ చూడొచ్చు, కానీ రెప్పల మీద ముద్ద గట్టిపడుతోంది, అడుగుదామంటే పెదవులు కదిలితే అచ్చు పాడవుతుంది. ఇట్లాంటి గోళ్ళు ఆయన ఇంతకుముందు ఒక్కసారే చూశాడు. చూసి భయపడలేదు. సంతోషించాడు. ఆ మాట దగ్గరికి రాగానే మాస్టారి మనసు పక్కకి తప్పుకుని, దొరికిన తలుపు తోసుకుని గోదాములోకి దూరింది.

గోదాము సినిమా ఎంచుకుంటే ఏ గొడవా లేదు. పది నిమిషాలేం ఖర్మ, గంట మాట్లాడొచ్చు, జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. ఆ సినిమాకి ఈ ముద్ద కలిపే పళ్ళడాక్టర్ల పొడికీ, రబ్బరుకీ డబ్బుల్లేవు, మైదా ముద్దకి జిగురు కలిపి నలభైమంది జూనియర్ ఆర్టిస్టుల మొహాలకి అతికించాడు, రేకుల కప్పు కింద వేడికి అది పులిసి ఉబ్బడం మొదలుపెట్టింది, భోజనాల వేళకి నలభై శవాలూ నలభై రొట్టెలయ్యాయి. ఒక శవం తుమ్మితే చెంప ఊడి హీరోయిన్ ఒళ్ళో పడింది, ఎండైనా వానైనా చేతిలో గొడుగు వదలని డైరెక్టరు, అందుకే ఆయన్ని గొడుగు డైరెక్టరనేవాళ్ళు, కట్ చెప్పడం మరిచిపోయి, బాగుంది బాగుంది, ఊడనీ అని అరిచాడు, సినిమాలో అది అలాగే ఉంది. అప్పటికి మాస్టారికి పెళ్ళయి ఆరు నెలలు. భార్య క్యారియర్ పట్టుకుని వచ్చి, వరసగా కూర్చున్న శవాల్ని చూసి, దగ్గరికెళ్ళి ఒకడి బుగ్గని వేలితో నొక్కి, ఏమండీ, వీడింకా ఉడకలేదండీ అంది. నలభైమంది ఒకేసారి నవ్వారు, నలభై మొహాలూ బీటలు వారాయి, మధ్యాహ్నం షూటింగ్ పోయింది, డైరెక్టరు గొడుగు నేలకేసి కొట్టాడు, మాస్టారికి మాత్రం ఆ మనిషి మీద ప్రేమ పొంగుకొచ్చింది, ఈవిడతో నూరేళ్ళు గడపాలనిపించింది. గడిపింది ఎనిమిదేళ్ళు. ముద్ద కింద నవ్వకూడదు, నవ్వు రాబోయింది, బుగ్గలు బిగబట్టాడు. గోదామే చెప్పేద్దాం, హాయిగా. కానీ కూతురు ఊరుకుంటుందా. మరి అమ్మ ఉన్నది బావి సినిమాలో కదా నాన్నా, దాన్ని వదిలేసి గోదామెందుకు అంటుంది.

అదీ చిక్కు. పిల్లకి ఆరేళ్ళప్పుడు, యూనిట్‌లో విగ్గులు కట్టే విగ్గులావిడ, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, మీ అమ్మ కూడా ఒక సినిమాలో ఉందే అనేసింది, పిల్ల వచ్చి నాన్న మోకాళ్ళు పట్టుకుని ఏ సినిమా, ఏ సినిమా అని ఊపేసింది. మెట్ల సినిమా అన్న మాట మాస్టారి గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. బావి సినిమాలో, గుంపులో, వెనకాల, చీకట్లో ఉంటుందిలే, కనపడదు అన్నాడు. ఎనభైమంది శవాలు బావిలోంచి పైకొచ్చే గుంపు, ఎవరికి ఎవరు కనపడతారు, అక్కడితో తెగిపోతుందనుకున్నాడు. పిల్ల క్యాసెట్ పెట్టుకుని, ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ, నెల రోజులు వెతికి, ఎడమవైపు నుంచి మూడో మనిషి, శాలువా కప్పుకుని తూలుతూ నడిచే మనిషి, ఈవిడే కదా నాన్నా అంది. అవునన్నాడు. ఆ శాలువా కింద ఉన్నది యూనిట్ దర్జీ. మనుషులు తక్కువయ్యారని ఆయన్ని లాక్కొచ్చి నిలబెట్టారు, మీసాలు కనపడకుండా శాలువా కప్పింది మాస్టారే. స్కూల్లో బహుమతి వచ్చినా, జ్వరం తగ్గినా, ఉద్యోగం వచ్చినా కూతురు ఆ బొమ్మ ఆపి, దర్జీ గారికి ఎదురుగా కూర్చుని, గుసగుసగా అన్నీ చెప్పుకునేది. ఒకసారి టీవీ అద్దం మీద ముద్దు పెట్టుకుంది కూడా. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న మాస్టారికి నవ్వాలో ఏడవాలో తెలియక, ఏదీ చెయ్యక, పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళిపోయాడు. అందుకే ఆయనకి బావి సినిమా అంటే ఇష్టం, ఇష్టమని చెప్పక తప్పదు, ఒక అబద్ధం ఆడితే దానికి ముప్ఫై ఏళ్ళు కాపలా కాయాలి. తేలు కుట్టిన దొంగ అరవలేడు, ఈయన ఇవాళ అరవాలనుకున్నా అరవలేడు.

ముద్ద కింద కాలం తెలియదు, వేడే గడియారం. ప్లాస్టర్ మొదట చల్లగా ఉంటుంది, తర్వాత తనంతట తనే వెచ్చబడుతుంది, వేడెక్కుతుంది, ఆ వేడి మెల్లగా చల్లారితే గట్టిపడినట్టు, అప్పుడు తియ్యాలి, ఈలోపు తీస్తే వంగిపోయి ఎందుకూ పనికిరాదు. ఇప్పుడిప్పుడే వెచ్చబడుతోంది. కూతురి వేళ్ళు మొహం మీంచి వెళ్ళిపోయాయి, ఏదో అంది, గోడ అవతల మనిషి మాట్లాడినట్టు వినిపించింది, బస్తాలు, కింద, అత్తా, నాన్న దగ్గరుండు. ముద్ద కింద ఉన్న మనిషిని ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకూడదు, అది ఇంకో నియమం. అత్తా అంటే విగ్గులావిడ, మాస్టారికి సమానంగా ముసలిది, ఈ మూడో అంతస్తు గదిలోనే ఒక మూల దువ్వెనలతో, జుట్టు కట్టలతో బతుకుతుంది. ఆవిడ చెయ్యి ఆయన మణికట్టు మీద పడింది. చెవి ఉన్నచోటికి నోరు ఆనించి, ఒక్కో మాట విడదీసి చెప్పింది. "మాస్టారూ, పిల్ల కిందికెళ్ళింది. ఇప్పుడు మీరు నా నోరు మూయించలేరు కాబట్టి చెప్తున్నా. శనివారం మెట్ల సినిమా వేయించండి. ముప్ఫై మూడేళ్ళొచ్చాయి దానికి. అందులో ఉన్నది తల్లని తెలిసి చూడనివ్వండి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" జవాబివ్వడానికి ఆయనకున్నది బొటనవేలొక్కటే, దాన్ని ఎత్తితే బాగానే ఉన్నానని అర్థం. బాగా లేనని, చెప్పాలని ఉందని, చెప్తే అన్నీ చెప్పాలని, అన్నీ చెప్తే కూతురు తన మొహం చూడదని చెప్పే సైగ నలభై ఏళ్ళలో ఆయన కనిపెట్టలేదు. వేలు ముడిచేసుకున్నాడు. ఆవిడ మణికట్టు మీద రెండుసార్లు తట్టి ఊరుకుంది.

చెవులు పోతే కాళ్ళు వింటాయి. ఈ భవనానికి లిఫ్టు లేదు, బయటి గోడకి బిగించిన ఇనుప మెట్లు, ఎవరెక్కినా గది నేల సన్నగా అదురుతుంది, మాస్టారు చెప్పులు విప్పి కూర్చున్నాడు, ఆ అదురు అరికాళ్ళలోంచి పైకి వస్తోంది. కూతురు ఎక్కుతోంది. ప్లాస్టర్ బస్తాతో ఎక్కుతోంది, అడుగు బరువుగా ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగింది. బస్తా బరువు కదా, ఎవరైనా ఆగుతారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగింది. పొద్దున ఇద్దరూ కలిసే వచ్చారు, అప్పుడు ఆమె చేతిలో ఏ బస్తా లేదు, రెండో మలుపు దగ్గర ఫోన్ చూసుకుంటూ నిలబడిపోయింది, నువ్వు పద నాన్నా, మెసేజ్ వచ్చింది అంది, ఫోన్ మోగిన చప్పుడు ఆయనకి వినపడలేదు. అరవై ఎనిమిదేళ్ళ ముసలాడు ముందు ఎక్కేశాడు, ముప్ఫై మూడేళ్ళ పిల్ల వెనకబడింది, తన ఓపిక చూసుకుని మురిసిపోయాడు కూడా. ఒకటి, రెండు, మూడు. ఈసారి మూడుకే ఆగింది. మాస్టారి ఊపిరి ముక్కు రంధ్రాల్లో ఈలలా మోగింది, మొహం మీద వేడి పెరుగుతోంది, మనసు ఇక పక్కకి తప్పుకోవడానికి ఏ గోదామూ మిగల్లేదు.

మెట్ల సినిమాలో ఆ వేషం వేయాల్సిన ఆవిడ రాలేదు. డైరెక్టరు గొడుగు ఊపుతూ తిరుగుతున్నాడు, అప్పుడు భార్య మామూలుగానే క్యారియర్ పట్టుకుని వచ్చింది, పాత హోటల్ మెట్లు, కింద నుంచి పైకి ఎక్కుతోంది, నాలుగు మెట్లెక్కి పక్క రెయిలింగ్ పట్టుకుని ఆగింది, నోరు తెరిచి గాలి పీల్చుకుంది, తల ఎత్తి ఇంకా ఎన్నున్నాయో చూసింది, మళ్ళీ నాలుగెక్కింది. డైరెక్టరు నిలబడిపోయాడు. నాకా నడక కావాలి అన్నాడు. మాస్టారికి గర్వంతో ఛాతీ ఉబ్బింది, ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి అద్దం ముందు దీపాలు వేశాడు, పెదవులు అప్పటికే నీలంగా ఉన్నాయి, కళ్ళ కింద బూడిదరంగు, గోళ్ళు సరేసరి, మిగతా శవాల గోళ్ళకి తను కష్టపడి వేసే రంగు ఈమెకి పుట్టుకతో వచ్చినట్టుంది. భర్తగా చూడలేదు, అదే ఘోరం, మేకప్‌వాడిగా చూశాడు, చూసి సంతోషించాడు. మా ఆవిడకి సగం రంగు చాలండీ అని కెమెరామన్‌తో జోకేశాడు, అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నాలుగుసార్లు ఎక్కించారు. నాలుగోది డైరెక్టరుకి నచ్చింది, ఓకే అనబోయాడు, మాస్టారే చెయ్యెత్తి ఆపాడు, మెడ వెనక గోరంత చోటు రంగు అందలేదు, మామూలు చర్మం కనిపిస్తోంది. ఇంకొక్కసారి అన్నాడు. ఆమె పై మెట్టు మీద కూర్చుని ఉంది. "ఏమండీ, మళ్ళీ ఎక్కాలా?" అంది, అంతే అంది. ఎక్కింది. ఆ అయిదోదే సినిమాలో ఉంది. మరణాన్ని ఇంత నిజంగా ఎవరూ చూపించలేదని రాశారు, ఆ నడక ఎలా నేర్పారండీ అని అడిగారు. నేర్పానండీ అని చెప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆమె బతికింది పదకొండు వారాలు. గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్ళే నాళాలు ఇరుకైపోయాయని, చాలా రోజులుగా ఉండి ఉంటుందని, మీరేం గమనించలేదా అని డాక్టరు అడిగాడు, మాస్టారు తల అడ్డంగా ఊపాడు. కొన్ని ఇళ్ళల్లో ఇది పిల్లలకి దిగుతుంది, పాపని ఏడాదికోసారి చూపిస్తుండండి అని కూడా చెప్పాడు. చూపించాడు, పదిహేనేళ్ళు వచ్చేదాకా చూపించాడు, ఎత్తూ బరువూ చూడటానికని చెప్పి తీసుకెళ్ళేవాడు, అమ్మ జ్వరంతో పోయిందని చెప్పాడు కాబట్టి ఇంకేం చెప్పాలి. పదహారో ఏట ఆ పిల్ల, నాకేం రోగం నాన్నా, నేను రాను అంది. ఎందుకు రావాలో చెప్పడానికి నోరు రాలేదు, చెప్తే జబ్బు పేరుతో ఆగదు, మెట్ల దాకా వెళ్తుంది, మెడ మీద గోరంత చోటు దాకా వెళ్తుంది. ఊరుకున్నాడు. ఏడాది తర్వాత ఇంకో ఏడాది, ఏమీ కాలేదు కదా అనుకుంటూ, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. తర్వాత చేసిన లిఫ్టు సినిమాలో శవాలకి మందపాటి రబ్బరు మొహాలు తొడిగాడు, అడుగున మనిషి ఆనవాలు కనపడకుండా, లిఫ్టులో కిక్కిరిసిన ఇరవై బొమ్మలు, చూసినవాళ్ళు నవ్వారు, మాస్టారి చెయ్యి తప్పిందన్నారు. చెయ్యి తప్పలేదు, కావాలనే చేశాడు, ఇంకెప్పుడూ ఎవరి సొంత మొహాన్నీ శవంగా చూడదల్చుకోలేదు. ఇష్టమైన సినిమా అడుగుతున్నారు శనివారానికి, నాలుగూ ఒకటే ఇల్లు, ఏ తలుపు తీసినా ఆమే ఉంటుంది.

వేడి బాగా ఎక్కింది. ఇంకో పదిహేను నిమిషాలు ఆగితే చల్లారుతుంది, అచ్చు శుభ్రంగా వస్తుంది, ఎల్లుండి షూటింగ్, పిల్ల మొదటి పెద్ద పని, పొడి కూడా ఒక్క మొహానికి సరిపడానే ఉంది, తెమ్మన్నా వారం పడుతుంది. ఆగడమే మంచిది, పదిహేను నిమిషాల్లో ఏ కొంపా మునగదు. అలా అనుకున్నాడు, అనుకోగానే తన సంగతి తనకి తెలిసిపోయింది. పదిహేను నిమిషాల తర్వాత అచ్చు తీస్తుంది, బాగా వచ్చిందని సంబరపడుతుంది, ఆ సంబరం చూసి, ఇప్పుడెందుకులే, షూటింగ్ అవనీ, శనివారం అవనీ అనుకుంటాడు, బావి సినిమాయే అంటాడు. ఈ వేడితోపాటే తన ధైర్యమూ చల్లారుతుంది. నేల మళ్ళీ అదిరింది, దగ్గరగా, తలుపు దగ్గర, దబ్బున బస్తా పడింది, తర్వాత చాలాసేపు ఏ అడుగూ లేదు. విగ్గులావిడ ఆయన వైపు వంగి, పక్కింటి కబురు చెప్పినంత మామూలుగా చెప్పింది. "వచ్చేసింది మాస్టారూ. రొప్పుతోంది, పాపం. కింద ఇంకో బస్తా ఉందిట, మళ్ళీ వెళ్తానంటోంది." మళ్ళీ. అడుగులు తలుపు వైపు కదిలాయి, ఒకటి, రెండు.

మాస్టారు రెండు చేతులూ ఎత్తాడు.

ఎందుకని ఎవరూ అడగలేదు. అడుగులు పరిగెత్తుకొచ్చాయి, వేళ్ళు గడ్డం కింద దూరాయి, పట్టీలు చిరిగాయి, మెత్తగా ఉన్న ప్లాస్టర్ మడతపడిపోయింది, ముద్ద చెంపల్ని లాగుతూ ఊడొచ్చింది, వెలుతురు సూదుల్లా కళ్ళలో గుచ్చుకుంది. కూతురు వంగి ఉంది, చేతిలో నలిగిపోయిన అచ్చు. అరక్షణంలో అచ్చూ, ఉన్న కాస్త పొడీ పోయాయి, ఆ సంగతి ఆమె మొహంలో లేదు, భయం ఒక్కటే ఉంది. పెదవుల చుట్టూ నీలం.

"ఊపిరాడలేదా నాన్నా? నీళ్ళు తాగుతావా?"

"ఆ బస్తా తేవద్దు."

"దానికా రెండు చేతులూ ఎత్తావు?"

"శనివారం మెట్ల సినిమా వెయ్యమను" అన్నాడు మాస్టారు. "ఆ మెట్లెక్కేది మీ అమ్మ."

విగ్గులావిడ చేతిలో దువ్వెన పట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయింది. కూతురు ఇంకాస్త ముందుకి వంగింది. "మరి శాలువా కప్పుకున్నావిడ?"

"దర్జీ."

"దర్జీ అంటే..."

"మన యూనిట్ దర్జీయే. మీసాలాయన."

ఆమె నోటి వెంట నవ్వు లాంటిదేదో వచ్చింది, సగంలో ఊపిరి అందక ఆగింది, స్టూలు లాక్కుని కూర్చుంది. మాస్టారు ఆమె చెయ్యి పట్టుకుని వేళ్ళు వెలుతుర్లోకి తిప్పాడు, ఒక్కో గోరూ బొటనవేలితో రుద్దాడు. రంగేం రాలేదు. అప్పుడు చెప్పాడు, ముందూ వెనకా లేకుండా, జ్వరం అబద్ధమని, డాక్టరు చెప్పింది, ఎత్తూ బరువూ అని తను చెప్పింది, సగం రంగు, అయిదోసారి, మెడ మీద గోరంత చోటు. కూతురు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటుందేమోనని ప్రతి మాటకీ భయపడుతూనే చెప్పాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఆగుతున్నావు మెట్ల మీద?"

"నాలుగు నెలలు." ఆమె నేల వైపు చూస్తోంది. "బరువు పెరిగాననుకున్నా. ఈ సినిమా అయిపోనీ నాన్నా, ఇరవై రోజులే, వెంటనే వెళ్ళి చూపించుకుంటా."

"షూటింగ్ అయ్యాక వెళ్దాంలే అని కిందటిసారి నేనే అన్నాను. మీ అమ్మ అడిగింది, ఆ సాయంత్రమే. ఒకసారి డాక్టరుకి చూపించుకుందామండీ అని."

ఆమె లేచి, నలిగిన అచ్చును బల్ల మీద పెట్టింది. లోపలివైపు ఆయన ముక్కూ, ఒక కన్నూ మాత్రం సరిగ్గా పడ్డాయి. "మొహం కడుక్కో నాన్నా" అంది. "నీ మీద కోపం ఉంది నాకు. చాలా ఉంది."

"ఉండనీ. పద."

మెట్లు దిగేటప్పుడు ప్రతి మలుపులోనూ ఆయనే ఆగాడు, ఆమె ఆగాల్సిన అవసరం రాకుండా. వీధిలో మధ్యాహ్నపు ఎండ తెల్లగా ఉంది. నెత్తికి అంటుకున్న రబ్బరు టోపీ, కనుబొమల మీద గులాబీరంగు తొక్కలు, మెడ దాకా కారి ఎండిన ప్లాస్టర్, చెప్పుల్లేని కాళ్ళు, ఎదురొచ్చినవాళ్ళు చూసి పక్కకి తప్పుకున్నారు, సంచి పట్టుకున్న ఒకావిడ ఏకంగా రోడ్డు దాటేసింది. ఆయన అవేవీ చూడలేదు, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని టాక్సీ ఆపాడు, ముందు ఆమెని ఎక్కించి తర్వాత తను ఎక్కాడు, ఆసుపత్రికి పోనీ అన్నాడు. డ్రైవరు అద్దంలోంచి ఆయన మొహం చూసి, వెనక్కి తిరిగి ఇంకోసారి చూసి, బండి గేరు మార్చాడు.

"అయ్యో, ఏమైంది పెద్దాయనా మీకు?"

"నాకు కాదు బాబూ" అన్నాడు మాస్టారు. "మా అమ్మాయికి."